ఏతానికి వేలాడిన ఫిరంగి

పావురాలకు బఠాణీలు నిండుకున్నాయని మొగుడు పొద్దున్నుంచీ సణుగుతుంటే వినలేక, లుద్వినా స్రోకా సైకిలెక్కి లిపా పల్లెకు బయల్దేరింది. మార్చి నెల. మంచు కరిగి దారంతా బురద. మోకర్నో నుంచి లిపాకు ఆరు కిలోమీటర్లు కూడా ఉండదు గానీ, చేరేసరికి ఆమె మోకాళ్ళ దాకా బురద అట్టకట్టుకుపోయింది. బఠాణీలు అమ్మే కునెగుండా ముసలమ్మ పెరట్లోనే ఉంది. ఎనభై ఆరేళ్ళ మనిషి ఏతంతో నీళ్ళు తోడుతోంది.

లుద్వినా గేటు దగ్గరే ఆగిపోయింది. నీళ్ళు తోడే ముసలమ్మను చూసి కాదు, ఏతం దూలానికి వెనకవైపు గొలుసుతో వేలాడుతున్న బరువును చూసి. తారు పూసీ పూసీ నల్లగా, మొద్దుగా తయారైన ముద్ద అది. మామూలుగా అక్కడ రాయి కడతారు, లేకపోతే పాత నాగటి ఇనుము కడతారు. కానీ ఈ ముద్దకు నడుం దగ్గర అటొకటి ఇటొకటి రెండు చెవులున్నాయి. దూలం కిందికీ పైకీ ఊగుతున్నప్పుడల్లా ఆ చెవులు తిన్నగా ఒక వరసలో కనబడుతున్నాయి.

రాయికి చెవులుండవు. నాగటికీ ఉండవు. అలాంటి చెవులుండేది ఒక్క ఫిరంగికే. బండి మీద కూర్చోబెట్టడానికి.

"ఏంటమ్మాయ్, గేటు పట్టుకుని అలా నిలబడ్డావు? కుక్క పోయి రెండేళ్ళయింది, రా" అంది కునెగుండా.

"బామ్మగారూ, ఆ బరువు ఎక్కడిది?"

"ఏ బరువు? ఇదా? మా మామగారు కట్టింది. ఇనుపముక్క. నేను కాపురానికొచ్చేసరికే ఉంది."

లుద్వినా బురదలోనే గబగబా నడిచి వెళ్ళి, జేబులోంచి చిన్న కత్తి తీసి, తారును గోరంత మేర గీకింది. అడుగున ఇనుపరంగు లేదు. కాస్త ఆకుపచ్చ, దాని కింద తేనెరంగు మెరుపు. కంచు. కత్తి జారి బావి గట్టు మీద పడింది. గట్టు మీద పడింది కాబట్టి సరిపోయింది.

ఇంతకీ ఈ లుద్వినా ఎవరంటే, మోకర్నోలో నీటి పంపుల కర్మాగారం నడిచిన రోజుల్లో అక్కడ ఇరవై ఏడేళ్ళు నమూనాలు చెక్కిన మనిషి. లోహం పొయ్యడానికి ఇసుకలో అచ్చు కావాలి, అచ్చు కట్టడానికి కర్ర నమూనా కావాలి. ఆ కర్ర నమూనా ఆమె చేతిలో తయారయ్యేది. కర్మాగారం మూతపడి గేటుకు గొలుసు పడ్డ ఏడాది ఆమెకు నలభై ఆరు. రెండేళ్ళు కుర్చీలు బాగుచేస్తూ, శవపేటికలకు పిడులు చెక్కుతూ గడిపింది. అప్పుడు ఊళ్ళో మందుల షాపు నడిపే ఇగ్నాత్సీ దొలాతా ఒక చెవి విరిగిన బుల్లి ఫిరంగిని దుప్పట్లో చుట్టుకుని తెచ్చాడు. ఆయన గురికాండ్ర సంఘానికి పెద్ద. ఒకప్పుడు ఊరిగోడను కాపాడిన వర్తకుల సంఘం అది. ఇప్పుడు పండగలకు పొడుగు కోట్లు తొడుక్కుని ఊరేగుతారు, ఫిరంగులు పేలుస్తారు, సాసేజ్‌లు తింటారు. లుద్వినా ఆ చెవికి నమూనా చెక్కి, పాత కొలిమిలో పోతపోసి అతికించింది. సరిగ్గా అతుక్కుందో లేదో చూసుకోమని ఆయన ఆమెను సరస్సు ఒడ్డుకు తీసుకెళ్ళి పేల్చి చూపించాడు.

ఆ పేలుడు ఆమె చెవులతో విన్నది కాదు. గుండెల మీద ఎవరో అరచేత్తో చరిచినట్టయింది. పొగ కమ్ముకుంది, కుళ్ళిన గుడ్ల వాసన కొట్టింది, సరస్సు అవతలి ఒడ్డు నుంచి ఆ చప్పుడు తిరిగి వచ్చి మళ్ళీ చరిచింది. లుద్వినా నోరు వెళ్ళబెట్టి నిలబడి, "ఇంకోసారి" అంది. ఆ తర్వాత పదేళ్ళలో ఆమె పాతిక ఫిరంగులకు ప్రాణం పోసింది. తనకంటూ అయిదు పోగుచేసుకుంది. వాటిలో ఒకటి ఒకప్పుడు బార్లో తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టినది, ఇంకొకటి పడవల క్లబ్బులో పందెం మొదలుపెట్టడానికి పేల్చినది. అన్నీ మూరెడు పొడుగు దాటనివే. ఆ అయిదింటిలో నిజంగా పాతదంటూ ఒక్కటీ లేదు, అన్నీ తాతల కాలం నాటి నకళ్ళే.

ఇప్పుడు కళ్ళ ముందు వేలాడుతున్నది నకలులా లేదు.

"బామ్మగారూ, దీన్ని నాకిచ్చెయ్యండి. మీరేం అడిగితే అదిస్తాను."

ముసలమ్మ బిందె కింద పెట్టి, నడుం మీద చేతులేసుకుని చూసింది. "ఇచ్చేస్తే నీళ్ళెవరు తోడతారు? నువ్వొచ్చి తోడతావా రోజూ?"

"దీని బదులు ఇంకో బరువు కడతాను."

"ఇంకోటి కడితే ఇంతే తేలిగ్గా లేవాలి. అరకిలో ఎక్కువైనా నా భుజం ఒప్పుకోదు, తక్కువైనా ఒప్పుకోదు. అరవై రెండేళ్ళుగా దీనికి అలవాటుపడ్డ భుజం ఇది."

"అంతే బరువు తెస్తాను. తూచి తెస్తాను."

"సరే. ఇంతకీ ఏమిటది? అంత ఇదిగా చూస్తున్నావు."

లుద్వినా చెప్పింది. కునెగుండా దూలాన్ని ఒక్కసారి ఊపి, కిందికీ పైకీ పోతున్న ఆ నల్లముద్దను కొత్తగా చూసింది.

"అరవై రెండేళ్ళు నాకు నీళ్ళు తోడిపెట్టింది. నోరుందని తెలీదు" అంది. "నాకు డబ్బేం వద్దు. పేలుస్తావుగా? మొదటిసారి నలుగురిలో పేల్చేటప్పుడు నిప్పు నేను పెడతాను. దాని గొంతెలా ఉంటుందో వినాలి."

మూడోరోజుకే లుద్వినా ఇనుప బరువు పోసి తెచ్చింది. ముప్పై ఎనిమిది కిలోలు. మొగుడు వాలెంటీ ఎరువు తీసుకెళ్ళే చేతిబండి తోసుకుంటూ వెంట వచ్చాడు. కట్టి చూపిస్తే ముసలమ్మ నాలుగు బిందెలు తోడి, అయిదోది కూడా తోడి, "కొంచెం బద్ధకంగా లేస్తోంది" అంది. లుద్వినా ఆకురాయి తీసి అంచులు అరగదీసింది. ఏడోసారికి ముసలమ్మ తలాడించింది. అప్పటికి వాలెంటీ బూట్లనిండా నీళ్ళే.

"ఇంట్లో అయిదున్నాయి" అన్నాడు అతను తిరుగుదారిలో, బండి తోస్తూ. "ఆరోది ఎందుకో అడగొచ్చా?"

"అవి బొమ్మలు. ఇది మనిషి."

"నా పావురాలకు మాత్రం అన్నీ ఒకటే" అన్నాడు వాలెంటీ. రైల్వేలో సిగ్నల్‌మన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. జీవితమంతా కేకలూ కూతలూ విన్నాక, ఇప్పుడు పావురాల గుర్రుగుర్రు తప్ప ఇంకో చప్పుడు పడదు. పందేలకు పంపే నలభై పావురాలున్నాయి. పెరట్లో ఎప్పుడో ఒకసారి లుద్వినా అరచెంచా తుపాకిమందుతో ఒక ఫిరంగిని పరీక్షిస్తే మూడు పావురాలు ఎగిరిపోయి, వారానికి గానీ తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో ఒప్పందం: పేల్చడం ఊరవతలే.

తారు వదిలించడానికి నాలుగు రోజులు పట్టింది. వేడినీళ్ళు, కిరోసిన్, చెక్కగరిటె. ఇనుప పనిముట్టేదీ ఆమె తగలనివ్వలేదు. పొర తరవాత పొర ఊడుతుంటే మూతి చుట్టూ తీగల అల్లిక బయటపడింది. తరవాత వీపు మీద ఒంటికాలిపై నిలబడ్డ కొంగ. దాని కింద 1704 అని అంకెలు. లుద్వినా గరిటె పడేసి పెరట్లోకి పరిగెత్తింది.

"వాలెంటీ, కొంగ ఉంది. దాని మీద కొంగ ఉంది."

ఆ ప్రాంతంలో కొంగనీ ఏతాన్నీ ఒకే మాటతో పిలుస్తారు. అందుకని వాలెంటీ నిచ్చెన మీద నుంచే, "ఏతం నీకు మొన్నేగా కనబడింది, ఇవాళ మళ్ళీ ఏంటి?" అన్నాడు. దిగి వచ్చి చూశాడు. వేలితో కొంగ మెడ మీద రాసి చూశాడు. "ముక్కు బాగా చెక్కాడు" అన్నాడు. పక్షుల విషయంలో ఆయన నోట మెప్పు రావడం అంత తేలిక కాదు.

తోక దగ్గర రంజకం, అంటే నిప్పంటించే మందు, పోసే సన్నని రంధ్రంలో మేకు దిగ్గొట్టి ఉంది. శత్రువు చేతికి చిక్కబోతుంటే ఫిరంగిని పనికిరాకుండా చెయ్యడానికి అలా కొడతారు. లుద్వినాకది తెలుసు. ఆమెను ఆపింది ఇంకొకటి. మూతిలోంచి కర్రపుల్ల దూర్చి లోతు చూసింది. ఆ పుల్లను బయట వీపు మీద ఆనించి చూసింది. రంజకం రంధ్రం దాకా రావాల్సిన పుల్ల జానెడు ముందే ఆగిపోయింది. మళ్ళీ దూర్చింది. మళ్ళీ అంతే.

లోపల ఏదో ఉంది. అది మట్టి కాదు, మట్టైతే పుల్ల దిగుతుంది. ఇది టకటకమంటోంది.

ఆమె మెల్లగా వెనక్కి జరిగి, మూతికి ఎదురుగా లేకుండా పక్కకు వచ్చి నిలబడింది.

"వాలెంటీ" అంది, ఈసారి గొంతు తగ్గించి. "ఇది దట్టించి ఉంది."

"అంటే?"

"మందూ గుండూ లోపలే ఉన్నాయి. పేల్చేలోగా మేకు కొట్టి వదిలేశారు."

వాలెంటీకి విషయం ఎక్కడానికి కొంచెంసేపు పట్టింది. "అంటే ఆ ముసలమ్మ అరవై రెండేళ్ళు..."

"అవును."

"రోజుకు ఇరవై బిందెలు..."

"అవును, వాలెంటీ."

ఆయన టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, పావురాల గూళ్ళ తలుపులన్నీ వేసొచ్చాడు.

లుద్వినా అగ్నిమాపక దళానికి ఫోన్ చేసింది. వాళ్ళు వచ్చి, వీధి చివర బండి ఆపి, ఫిరంగిని మెల్లగా వాననీటి తొట్టెలో ముంచి, పది రోజులు ఎవరూ ముట్టుకోవద్దన్నారు. ఆ పది రోజులూ లుద్వినాకు తిండి సయించలేదు. ఉడికిన బంగాళాదుంపల్లో ఉల్లికాడల జున్ను కలుపుకుంటూ చూపంతా కిటికీలోంచి తొట్టె మీదే. పదకొండోరోజు వాళ్ళే వచ్చి, తడి తడిగానే మేకు తొలిచి, పొడుగాటి వంకీ స్క్రూ దూర్చి లాగారు. మొదట నీలంరంగు ఉన్నిగుడ్డ ముద్ద ఊడి వచ్చింది. ఎవరి కోటు చించి కుక్కారో. దాని వెనక కోడిగుడ్డంత ఇనుప గుండు దొర్లి తొట్టెలో పడింది. ఆ వెనక నల్లటి బురద, గ్లాసుడు.

లుద్వినా ఆ బురదలో వేలు ముంచి వాసన చూసింది. మూడు వందల ఏళ్ళ నాటి మందు. ఇంకా అదే కుళ్ళిన గుడ్ల వాసన. ఆమె పకపకా నవ్వేసింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఇక ఆమెను ఆపతరం కాలేదు. లోపల తోమింది, బయట తోమింది. తోముతూ తోముతూ గొట్టం గోడల మందం కొలతలు కాగితం మీద రాసుకుంది. ఇంక పేల్చేముందు చెయ్యాల్సింది ఒకటే మిగిలింది, పగుళ్ళేమైనా ఉన్నాయేమో చూడడం. కర్మాగారంలో చేసిన పద్ధతిలోనే కిరోసిన్ పూసి, తుడిచేసి, సుద్దపొడి చల్లింది. పగులుంటే అందులో దాక్కున్న కిరోసిన్ సుద్దలోకి గీతలా పైకి వస్తుంది.

గంట తరవాత వచ్చి చూస్తే మూతికి బెత్తెడు వెనక వెంట్రుక లాంటి తడిగీత.

లుద్వినా అక్కడే ముక్కాలిపీట మీద కూలబడింది. పగిలిన ఫిరంగిని పేల్చడమంటే పక్కనున్నవాళ్ళ మీద కంచు ముక్కలు చల్లడమే. వాలెంటీ వచ్చి ఆ గీతను చూసి, "పోనీలే, హాల్లో పెడదాం. కొంగ అందంగా ఉంటుంది" అన్నాడు. ఆయన ఓదార్పుగానే అన్నాడు గానీ, ఆమెకది శవం మీద దుప్పటి కప్పినట్టు వినబడింది.

మర్నాడు ఆమె చేతిబండి తోసుకుంటూ బోనిఫాత్సీ ముసలాయన ఇంటికి వెళ్ళింది. కర్మాగారంలో పోతపని మేస్త్రీ ఆయన. ఎనభై నాలుగేళ్ళు. ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది ఉందని ఆయన అంటాడు.

"మేస్త్రీగారూ, పగిలింది" అంది లుద్వినా గట్టిగా.

"ఎవరు చెప్పారు?"

"సుద్ద చెప్పింది."

"సుద్దకేం తెలుసు? తాడు కట్టి ఎత్తు."

పెరట్లో ఆపిల్ చెట్టు కొమ్మకు తాడు కట్టి ఫిరంగిని వేలాడదీశారు. బోనిఫాత్సీ చెక్కసుత్తి తీసుకుని దాని నడుం మీద ఒక్కటి కొట్టాడు. కొట్టి వెంటనే వంగి, తన మంచి చెవిని కాదు, పళ్ళను దాని మూతి అంచుకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. గుడి గంటలా సన్నగా మొదలై, సాగీ సాగీ, ఆపిల్ కొమ్మలోకి పాకి, ఎంతకీ తెగని మోత. లుద్వినా ఊపిరి బిగబట్టి లెక్కపెట్టింది. పంతొమ్మిది దాకా వినబడింది.

బోనిఫాత్సీ పళ్ళు తుడుచుకున్నాడు. "పగిలినది ఇలా పాడదు. పగిలినది దగ్గుతుంది. ఆ గీత పోతపోసినప్పుడు పైన పడ్డ మడత. చర్మం మీద ముడత అంతే. ఆకురాయి పెట్టు, పోతుంది."

"పోకపోతే?"

"పోకపోతే నా దగ్గరికి రా, కూర్చుని ఏడుద్దాం."

ఆకురాయి అక్కడే ఉంది, ఆమె జేబులో. ఆయన కళ్ళముందే పెట్టింది. ఒక రుద్దు, రెండు, ఇరవై. కంచుపొడి మెరుస్తూ మోచేతి మీద రాలింది. కాగితం మందం మేర అరిగేసరికి గీత సన్నబడింది, ముక్కలైంది, మాయమైంది. మళ్ళీ కిరోసిన్, మళ్ళీ సుద్ద. ఇద్దరూ ముక్కాలిపీటల మీద కూర్చుని, ఊరేసిన దోసకాయలు కొరుకుతూ గంటసేపు కాపలా కాశారు. సుద్ద తెల్లగానే ఉంది. లుద్వినా లేచి మేస్త్రీ బుగ్గ మీద ముద్దుపెట్టింది. ఆయన వినబడనట్టు నటించాడు.

బండి చేసింది వాలెంటీ. ఎవరూ అడగలేదు. పావురాల గూళ్ళు కట్టిన చేత్తోనే ఓక్ కర్ర కోసి, రెండు చక్రాలు తిప్పి, చెవులు కూర్చునే గాడి తొలిచి, ఒకరోజు పొద్దున పెరటి మధ్యలో పెట్టేశాడు. "కొలతలు నీ కాగితంలో చూశాను. ఎడమ గోడ కుడిగోడ కన్నా పలచగా రాశావు. తప్పా?" అన్నాడు.

"తప్పు కాదు. పోసినవాడు గొట్టం బోలు కోసం అచ్చు మధ్యలో పెట్టే కడ్డీని కొంచెం పక్కకు జరగనిచ్చాడు. పేల్చడానికి ఇబ్బంది లేదు."

కంకర తవ్వి వదిలేసిన పాత గోతిలో, ఇసుక బస్తాల మధ్య, మామూలుకు రెట్టింపు మందు వేసి పరీక్ష పేల్చారు. పొడుగాటి వత్తి వెలిగించి మట్టిదిబ్బ వెనక నక్కారు. వత్తి కాలుతున్నంతసేపూ వాలెంటీ ఆమె చెయ్యి వదల్లేదు. భూమి అదిరింది. గోతి గోడల మీంచి గులకరాళ్ళు జలజలా రాలాయి. పొగ తేలిపోయాక ఫిరంగి రెండు బారలు వెనక్కి దొర్లి, ఒక చక్రం పైకెత్తి, చెక్కు చెదరకుండా కూర్చుని ఉంది. లుద్వినా సుత్తి తీసుకుని కొట్టి చూసింది. పాడింది.

వసంతం ముగిసే పండగ సోమవారం, సరస్సు ఒడ్డున గురికాండ్ర పందెం. ఇళ్ళ గుమ్మాలకు బిర్చ్ కొమ్మలు కట్టారు, బ్యాండు వాయిస్తున్నారు, తెల్ల సాసేజ్‌లు చిటపటమంటున్నాయి. నూట యాభై అడుగుల దూరాన, పొడుగాటి కర్రకు లిండెన్ చెక్కతో చేసిన ఎర్రకోడి. ఎవరి ఫిరంగైనా తేవచ్చు, తలో మూడు గుళ్ళు. కోడి తల రాల్చినవాళ్ళు ఆ ఏడాదికి ఫిరంగి రాజు. ఆరేళ్ళుగా ఆ వెండిగొలుసు ఇగ్నాత్సీ దొలాతా మెడ దిగలేదు.

"ఏతం వచ్చిందా?" అన్నాడు దొలాతా, పొడుగుకోటు గుండీలు పెట్టుకుంటూ. "మాకు నీళ్ళేమైనా తోడిపెడుతుందా, లుద్వినా గారూ?"

"మీకు అవసరమైతే తోడతాను. మీ కళ్ళలోంచి" అంది లుద్వినా.

మొదటి నిప్పు కునెగుండాది. నల్ల తలగుడ్డ కట్టుకుని, మడత నలగని గౌను వేసుకుని వచ్చింది. చెవుల్లో దూది పెట్టబోతే చెయ్యి తోసేసింది. పొడుగు కర్రకు చుట్టిన వత్తిని రంజకం మీద ఆనించింది. బుస్సుమంది, దభీమంది. గుండు ముందే నేలకు తగిలి, గెంతి, కోడి నెత్తి మీంచి సరస్సులో పడింది. పొగలోంచి ముసలమ్మ దగ్గుతూ బయటికి వచ్చింది.

"లావు గొంతే" అంది తృప్తిగా. "మా మామగారిలాగే." తిన్నగా సాసేజ్‌ల దగ్గరికి వెళ్ళిపోయింది.

రెండో గుండు లుద్వినా స్వయంగా గురిచూసింది. కోడి మెడకు సూటిగా పెట్టింది. గుండు తోక పక్కనుంచి ఎడమకు పోయింది. అప్పటికి దొలాతా తన మూడింటిలో రెండు గుళ్ళతో కోడి రెక్కా, తోకా రాల్చేశాడు. ఆయనకింకా ఒకటి మిగిలింది. ఆమెకూ ఒకటే.

ఎడమకు. లుద్వినా మోకాళ్ళ మీద కూర్చుని కొంగ వీపు మీంచి చూస్తూ ఆలోచించింది. పలచని గోడ ఎడమవైపు. బయటి వీపు తిన్నగానే ఉంది, లోపలి దారి మాత్రం వంకర. తను చూస్తున్నది బయటి వీపును. గుండు పోయేది లోపలి దారిన. ఇన్నేళ్ళు నమూనాలు చెక్కి ఆ మాత్రం ఎలా మరిచిపోయింది? బండి తోకను మెల్లగా తట్టి, తట్టి, మూతిని కోడికి రెండు మూరలు కుడికి తిప్పింది.

వెనక నవ్వులు మొదలయ్యాయి. "లుద్వినక్కా, కోడి ఇటుంది. అటు బ్యాండువాళ్ళున్నారు" అన్నాడెవరో. బ్యాండువాళ్ళు నిజంగానే నాలుగడుగులు పక్కకు జరిగారు.

"తెలిసే తిప్పాను" అంది ఆమె, తల తిప్పకుండానే. నిప్పు పెట్టింది.

పొగ ఎంతకీ తొలగలేదు. జనం లేచి నిలబడ్డారు. తొలిగాక చూస్తే గుండు కోడి మెడలోంచి దూసుకుపోయింది. తల మాత్రం రాలలేదు. ఒక్క పీచుకు వేలాడుతూ, ముక్కు కిందికి పెట్టి, గాలికి ఊగుతోంది.

నియమం అందరికీ తెలుసు. తరవాతి ఫిరంగి పేలేలోగా తల నేలకు తగలాలి. తరవాతి ఫిరంగి దొలాతాది. దట్టించి సిద్ధంగా ఉంది, ఆయన చేతిలో వత్తి ఎర్రగా మండుతోంది. పేల్చాడంటే తగిలినా తగలకపోయినా ఆ తల ఆయన లెక్కలో పడుతుంది.

లుద్వినా ఆయన వైపు చూసింది. దొలాతా కోడి వైపు చూశాడు, వత్తి వైపు చూశాడు. వత్తిని నోటి దగ్గరికి తీసుకుని ఊదాడు. నిప్పు రాజుకునేలా కాదు, గట్టిగా. ఆరిపోయింది.

"వత్తి తడిసినట్టుంది" అన్నాడు. "ఇంకోటి తేవాలి." తీరుబడిగా పెట్టె దగ్గరికి నడిచాడు. మూత తీశాడు. వత్తులు ఒక్కోటీ ఎత్తి, ఎండలో పెట్టి, మందుల సీసా మీద పేరు చదివినట్టు చూశాడు. సరస్సు మీంచి గాలి లేచింది. కోడి తల ఒకసారి గిరుక్కున తిరిగింది. మళ్ళీ తిరిగింది. టప్పుమని పడింది.

ఆ తరవాత అరుపులకు బ్యాండు వినబడలేదు. వాలెంటీ టోపీ ఎక్కడో ఎగిరిపోయింది. బోనిఫాత్సీకి ఎవరో చెవిలో చెబితే, "నాకు వినబడింది" అన్నాడు.

వెండిగొలుసు తెచ్చి మెడలో వేస్తున్న దొలాతాను లుద్వినా మెల్లగా అడిగింది. "మీ వత్తి నిజంగా తడిసిందా?"

"మీది పోతపని, నాది మందులపని. ఎవరి సరుకు సంగతి వాళ్ళకే తెలుసు" అన్నాడాయన, కొక్కెం తగిలిస్తూ. "వచ్చే ఏడు మాత్రం ఎండిన వత్తులే తెస్తాను. చెప్పలేదనకండి."

ఫొటో తీస్తామని, రాజును మధ్యలో నిలబెట్టాలని జనం వెతుకుతుంటే లుద్వినా కనబడలేదు. బండి పక్కన మోకాళ్ళ మీద ఉంది. మందు మసి గట్టిపడకముందే, కంచు వేడిగా ఉండగానే గొట్టం కడిగెయ్యాలి. ఒకచేత్తో బకెట్టు, ఇంకోచేత్తో కర్రకు చుట్టిన తడిగుడ్డ. లోపల్నుంచి నల్లటి నీళ్ళు ఆవిరి కక్కుతూ ఆమె పండగ గౌను మీదికి కారుతున్నాయి. వెండిగొలుసు ముందుకు జారి ఫిరంగి మూతికి తగులుతుంటే, విసుగ్గా దాన్ని వీపు మీదికి విసిరేసుకుని, "వాలెంటీ, ఇంకో బకెట్టు నీళ్ళు పట్రా" అంది.